యెరూషలేములో నిలిచిపోయినవారు: మన క్రిస్మస్ నాటికపై ఒక విమర్శ



డిశంబరు నెల వచ్చినదనగా మన పల్లె సంఘములలో మొదట లేచు ప్రశ్న "ఈ యేడు నాటిక ఏమి?" అనునది. మా నడిగూడెము ప్రాంతమందు పగలంతయు పత్తి ఏరి అలసిన యౌవనస్థులు సయితము రాత్రి భోజనము చేసి గుడి ముంగిట చేరి తమ పాఠములను వల్లించుకొందురు. టెంటు సామానుల దుకాణమునుండి తెచ్చిన పెండ్లి కుర్చీ హేరోదు సింహాసనమగును. అమ్మ తెల్ల చీర గబ్రియేలు దూతకు వస్త్రమగును. గొల్లలకు గొంగళ్లు, జ్ఞానులకు బంగారు కాగితపు కిరీటములు సిద్ధమగును. నేను ముప్పది యేండ్లకు పైగా ఇట్టి నాటికలను చూచుచున్నాను. కొన్నిటిని వ్రాసితిని, కొన్నిటిలో వేషము కూడ వేసితిని. కాబట్టి ఇచ్చట నేను చేయు విమర్శ మొదట నాకే తగులును.

నాటికను నేను తృణీకరించుట లేదు. అక్షరము రాని మన తాతలు, అవ్వలు వాక్యమును చెవితో విని, కంటితో చూచి నేర్చుకొనిరి. బుర్రకథలోను, వీధి నాటకములోను కథ వినుట అలవాటైన మన జనులకు రక్షకుని జన్మ వృత్తాంతము ఆ రీతిగానే హృదయమునకు చేరినది. గొల్లల వేషము వేసిన పిల్లవాడు పెద్దవాడై సంఘ పెద్దయైన సంగతులను నేనెరుగుదును. అయితే ప్రయోజనము గలదానినే పరీక్షించి చూడవలెను. పనికిరాని దానిని ఎవరు పరీక్షింతురు?

మొదట చిన్న తప్పులను చెప్పెదను. మన నాటికలో జ్ఞానులు ముగ్గురు, ముగ్గురును రాజులు. మత్తయి సువార్త రెండవ అధ్యాయమును తెరచి చదువుడి. అచ్చట వారి సంఖ్య లేదు, వారు రాజులని లేదు. కానుకలు మూడు గనుక మనుష్యులును ముగ్గురని తరువాతివారు తలంచిరి. మన నాటికలో గొల్లలును జ్ఞానులును ఒకే రాత్రి పశువుల తొట్టియొద్ద కూడుదురు. మత్తయి మాత్రము జ్ఞానులు ఇంటిలోనికి వచ్చి శిశువును చూచిరని వ్రాసెను. ఇవి ప్రాణము తీయు తప్పులు కావు. బడి పిల్లలు వాటిని దిద్దగలరు.

మరియొక సంగతి. తొట్టి ప్రక్కన మనము ఎద్దును, గాడిదను నిలువబెట్టుదుము. లూకా వ్రాసిన వృత్తాంతములో తొట్టి యున్నది గాని ఎద్దు లేదు, గాడిద లేదు. ఇటలీ దేశములో గ్రెచ్చో అను ఊరియొద్ద 1223లో అస్సీసీ వాడైన ఫ్రాన్సిసు అను భక్తుడు క్రిస్మస్ రాత్రి నిజమైన తొట్టిని, గడ్డిని, ఎద్దును, గాడిదను ఉంచి బీదలైన పల్లెవారికి ప్రభువు దారిద్ర్యమును కంటికి చూపెను. అతనికి పూర్వమే క్రైస్తవ చిత్రములలో ఆ రెండు జంతువులు కనబడుచుండెను. అవి ఎచ్చటనుండి వచ్చినవి? యెషయా గ్రంథము మొదటి అధ్యాయము, మూడవ వచనమునుండి. అది జోలపాట కాదు, గద్దింపు. ఎద్దుకు తన యజమానుడు తెలియును, గాడిదకు తాను మేయు దొడ్డి తెలియును, దేవుని ప్రజలకు మాత్రము తమ దేవుడు తెలియలేదని ప్రవక్త వారిమీద తెచ్చిన ఫిర్యాదు అది. మనము ప్రతి సంవత్సరము అట్టతో కోసి, రంగు వేసి నిలువబెట్టు ఆ రెండు మూగజీవములు మనలను గూర్చి సాక్ష్యము పలుకుచున్నవని ఎందరికి తట్టినది?

ఇక పెద్ద తప్పునకు వచ్చెదను. హేరోదు ప్రధాన యాజకులను, శాస్త్రులను పిలిపించి, క్రీస్తు ఎక్కడ పుట్టునని అడిగెను. వారు తడబడలేదు. మీకా గ్రంథమును చూపి, యూదయ బేత్లెహేములోనని చెప్పిరి. జవాబు సరియైనది. అధ్యాయము, వచనము వారికి నోటికి వచ్చును. ఆ జవాబును పట్టుకొని అన్యులైన జ్ఞానులు బయలుదేరిరి. జవాబు చెప్పినవారు మాత్రము కదలలేదు. యెరూషలేమునుండి బేత్లెహేమునకు ఇంచుమించు ఆరు మైళ్లు. కోదాడకు నడిచి వెళ్లి వచ్చిన మన పెద్దలకు అదొక దూరమే కాదు. ఎంతో దూరమునుండి వచ్చినవారు శిశువును చూచిరి. ఆరు మైళ్ల దూరమున నున్నవారు చూడలేదు. వారు హేరోదువలె కత్తి దూయలేదు, శిశువును ద్వేషించలేదు. తెలిసియుండి తమ చోటనే కూర్చుండిరి.

మన నాటికలో ఈ శాస్త్రులకు ఎంత చోటున్నది? హేరోదుకు పావుగంట సంభాషణ. అతడు మీసము మెలివేసి గర్జించగా జనులు ఈలలు వేయుదురు. శాస్త్రికి ఒక్క మాట. చుట్టిన కాగితమును విప్పి, "బేత్లెహేములో ప్రభూ" అని చెప్పి లోపలికి పోవును. కొన్ని సంవత్సరముల క్రిందట వేషములు పంచుచుండగా ఒక చిన్నవాడు నాతో, "అయ్యగారూ, ఈ వేషం నాకొద్దు. ఒక్క డైలాగుకు గడ్డం అంటించుకోవాల్నా?" అనెను. అందరము నవ్వితిమి. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ అధ్యాయమును మరల చదివినప్పుడు నా నవ్వు నిలిచిపోయెను. ఎవరికిని అక్కరలేని ఆ వేషమును నేను ప్రతి దినమును వేయుచున్నాను గదా!

ప్రియులారా, నిష్ఠగల మన సంఘస్థుల అపాయము హేరోదు పాపము కాదు, శాస్త్రి పాపము. అన్యాచారములను విడిచితిమి, ఆదివారము గుడికి వచ్చుచున్నాము, మన పిల్లలు బైబిలు పరీక్షలలో బహుమతులు తెచ్చుచున్నారు. రక్షకుడు ఎక్కడ పుట్టెనని మనలను నడిరాత్రి లేపి అడిగినను చెప్పగలము. ఈ తెలిసియుండుటయే మనకు మెత్తని పరుపైనది. నక్షత్రమును వెదురు బద్దలతో కట్టి గుడిమీద వ్రేలాడదీయుదుము గాని, దాని వెంట ఒక్క వీధి నడువము. పండుగ పెద్దదగుకొలది మనము నడువలేదన్న సంగతి మనకే కనబడకుండ పోవుచున్నది.

నా తప్పిదమొకటి ఒప్పుకొనవలెను. నేను కాపరిగా నుండిన ఒక సంఘములో పండుగ ఖర్చునకు ఇంటికి ఇంత అని చందా వ్రాసితిమి. ఇచ్చినవారి పేర్లు ఆరాధనలో చదివించితిమి. చదువుమని చెప్పినవాడను నేనే. దీపములు, మైకు, భోజనము, నాటిక అన్నియు బాగుగా జరిగెను. వారము తరువాత, కూలి చేసికొని బ్రదుకు ఒక విధవరాలు పండుగకు రాలేదని ఎవరో చెప్పగా ఆమె ఇంటికి పోతిని.

"ఏమమ్మా, ఒంట్లో బాగులేదా? పండుగనాడు కనబడలేదు" అని అడిగితిని.

ఆమె కొంగు సరిచేసికొని, "బాగనే ఉన్న అయ్యగారూ. చందా కట్టలేదు గదా, పేర్లు చదివేటప్పుడు నా పేరు రాదు. ఏ మొఖం పెట్టుకొని వచ్చి అన్నం తినాలె?" అనెను.

ఆమె ఇల్లు గుడికి రెండు వీధుల దూరము. సత్రములో చోటు లేకపోయినందున తొట్టిలో పరుండబెట్టబడిన ప్రభువు పండుగనాడు, ఆయన ఇంటిలో ఆమెకు చోటు లేకుండ చేసితిమి. ఆ సంవత్సరము నాటికలో సత్రపువాడు తలుపు మూయు ఘట్టము బహు రక్తిగా వచ్చినదని అందరు మెచ్చుకొనిరి. ఆ మెప్పును తలంచుకొనినప్పుడెల్ల నాకు సిగ్గగును.

మన తెలుగు సంఘము ఇట్లు కూర్చుండినవారివలన కలుగలేదు. తాళ్లకొండపాడు వాడైన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారముమీద తిరుగుచు సువార్త విని, ఇంకను తెలిసికొనగోరి ఒంగోలుకు వెళ్లి, 1866లో బాప్తిస్మము పొందెను. అతని దగ్గర గ్రంథముల చుట్టలు లేవు. ఊరిలో అతనికి గౌరవ స్థానము లేదు. విన్నది కొంచెము, ఆ కొంచెమును పట్టుకొని నడిచెను. అతని వెనుక అతని జనులు నడిచిరి. కరువు కాలము గడచిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది ఒకే దినమున బాప్తిస్మము పొందిరి. మన నల్లగొండ సీమకు 1890లో అబ్రాహాము ఫ్రీజను దొరగారు రష్యా దేశమునుండి వచ్చిరి. అంత దూరమునుండి వచ్చినవారి ప్రయాసకు ఫలమైన మనము రెండు వీధులు దాటలేకపోవుచున్నాము.

క్రిస్మస్ కాలమున మెదకు గుడిని చూడబోవు విశ్వాసులు అనేకులు. చూడదగినదే. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారి నాయకత్వమున కట్టబడి, 1924 డిశంబరు 25న ప్రతిష్ఠింపబడిన మందిరమది. కరువు దినములలో ఆకలిగొన్న జనులకు పని చూపి, కూడు పెట్టిన కట్టడమని దానికి పేరు. 2024లో దానికి నూరేండ్లు నిండెను. అందులో ప్రభువు జననమును చూపు రంగుటద్దముల కిటికీ యొకటి యున్నది. పగటి వెలుగు బయటనుండి ప్రసరించినప్పుడే ఆ చిత్రము లోపలివారికి కనబడును. రాత్రివేళ లోపల ఎన్ని దీపములు వెలిగించినను ఆ అద్దము నల్లగానే యుండును. మన పండుగ సంగతియు ఇట్టిదే. మనము వెలిగించు దీపములవలన ప్రభువు కనబడడు. పైనుండి వచ్చు వెలుగు కావలెను, దానికొరకు మనము కనిపెట్టవలెను. అచ్చటికి పోయి ఫోటోలు దిగి వచ్చినవారిని నేను తప్పు పట్టను. కరువులో ఆ రాళ్లు మోసినవారి ఆకలిని గూర్చి ఇంటికి వచ్చిన తరువాత ఒక్కమారైన ఆలోచించితిరా అని మాత్రము అడుగుదును.

"అయ్యగారూ, ఇంత చిక్కెందుకు? పండుగనే మానివేయుదము" అని కొందరు చెప్పవచ్చును. డిశంబరు 25 అను తేదీ లేఖనములలో లేదు, నిజమే. రోమాపురి సంఘము 336 నాటికి ఆ దినమును ఆచరించుచుండెనని పాత పంచాంగమొకటి చూపుచున్నది. అమెరికాలో మసాచుసెట్సు అను సీమలోని భక్తిపరులు 1659లో క్రిస్మస్ ఆచరించువారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించిరి. 1681లో ఆ చట్టము రద్దయ్యెను. పండుగను చట్టముతో ఆపగలిగిరి గాని, దానివలన ఎవరి హృదయమును బేత్లెహేమునకు నడిపింపలేకపోయిరి. పండుగ చేయుటవలన నిద్రపోవువారున్నట్లే, పండుగ చేయమని అతిశయించి నిద్రపోవువారును ఉన్నారు. శాస్త్రులు ఏ పండుగ చేసిరని నిద్రపోయిరి?

కాబట్టి ఈ సంవత్సరము నాటికను మానకుడి, దిద్దుడి. శాస్త్రుల ఘట్టమును పెంచుడి. జ్ఞానులు బయలుదేరి పోవుచుండగా శాస్త్రులు మరల కూర్చుండి చుట్టను చుట్టుకొనుట జనులకు కనబడనియ్యుడి. ఆ వేషమును పిల్లలకు ఇయ్యకుడి. కాపరియో, పెద్దయో వేయవలెను. చిన్నవాడు వేసిన జనులు నవ్వుదురు, పెద్దవారు వేసిన ఆలోచించుదురు. తొట్టి దృశ్యముతో తెర దించి ఫోటోలకు నిలువకుడి. మత్తయి అచ్చట ఆపలేదు. బేత్లెహేము తల్లుల యేడ్పును, రాత్రివేళ శిశువును ఎత్తుకొని ఐగుప్తునకు పారిపోయిన తలిదండ్రులను కూడ చూపెను. బ్రదుకు తెరువు కొరకు పిల్లలను చంకనెత్తుకొని ఊరు విడిచిన కుటుంబములు మన సంఘములలో లేవా? వారు ఆ దృశ్యమును మనకంటె బాగుగా గ్రహించుదురు.

చందా పుస్తకమును చదువకుడి. గుడి తలుపునొద్ద పెట్టె నుంచుడి, ఇచ్చువారు దేవుడు చూచునట్లు ఇత్తురు. పాటలు పాడుచు ఇంటింటికి తిరుగు రాత్రి, దీపములున్న పెద్ద ఇండ్లకు ముందుగా పోకుడి. సంఘమునకు వచ్చుట మానినవారి ఇంటినుండి మొదలుపెట్టుడి. పండుగకు ముందటి వారమున ప్రతి ఇంట మత్తయి రెండవ అధ్యాయమును, లూకా రెండవ అధ్యాయమును బిగ్గరగా చదువుడి. చదువు వచ్చిన మనుమడు చదువవలెను, రాని అవ్వ వినవలెను. ముగించిన తరువాత ఒక్క ప్రశ్న వేసికొనుడి: "తెలిసియుండియు నేను పోని చోటు ఏది?"

ఆ విధవరాలి ఇంటికి నేను మరల పోతిని. క్షమించుమని అడిగితిని. ఆమె ఏమియు అనలేదు, పీట వేసి కూర్చుండుమని మంచినీళ్లు ఇచ్చెను. మరుసటి యేడు పాటల బృందము మొదట ఆమె వాకిటనే పాడెను. ఆమె పండుగ ఆరాధనకు వచ్చి వెనుక చాపమీద కూర్చుండెను. ఇందులో నాకు కలిగిన ఘనత యేమియు లేదు. రెండు వీధులు నడుచుటకు నాకు ఒక యేడు పట్టెను.

ప్రభువా, నిన్ను గూర్చి యెరిగియు నీయొద్దకు రాని మా సోమరితనమును క్షమించుము. మా నక్షత్రములను, దీపములను, నాటికలను నీ చేతిలోనికి తీసికొనుము. మా గద్దెలనుండి మమ్మును లేపి, నీవున్న చోటికి, బీదలయొద్దకు మమ్మును నడిపించుము. ఆమేన్.