కనిపెట్టుకుని ఉండటం

మా మామ్మ రోగి ఉన్న గదిలోకి వెళ్ళగానే మాట్లాడేది కాదు. గుమ్మం దగ్గరే ఓ క్షణం నిలబడేది. దుప్పటి ఎక్కడైనా తడిసిందా, పక్కన పెట్టిన గ్లాసులో నీళ్ళు తగ్గాయా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయా, పెదాలు ఎండిపోయాయా... అవన్నీ చూశాకే దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకునేది. 'ఎలాగుంది బాబూ?' అని అడిగేసరికి జవాబులో సగం ఆవిడకు తెలిసిపోయి ఉండేది.

జబ్బుమనిషిని ఒకరికి అప్పజెప్పి బయటికెళ్తూ 'కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా' అంటాం. కొత్త సంగతి బయటపెట్టిన శాస్త్రజ్ఞుణ్ణీ 'కనిపెట్టాడు' అనే అంటాం. చిన్నప్పుడు ఈ రెండూ వేరువేరు మాటలనుకునేదాన్ని. మామ్మను చూశాక ఒకటేనని అర్థమైంది. ముప్పై మూడేళ్ళు ఆవిడ చేసిన నర్సు ఉద్యోగమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఆవిడది టెక్కలి దగ్గర పల్లె. ఆ వైపు ఊళ్ళలో జంషెడ్‌పూర్ అని ఎవరూ అనరు, 'టాటా' అంటారు. 'మావాడు టాటాలో ఉన్నాడు' అంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది. మా తాత అలాగే వెళ్ళి టాటా ఉక్కు కంపెనీ కోక్ ఓవెన్లలో చేరాడు. విశాఖపట్నంలో నర్సు ట్రైనింగు పూర్తిచేసిన మామ్మ 1957లో పెళ్ళయి టాటానగర్ స్టేషన్‌లో దిగింది. ఆ ఊళ్ళోనే కదమా పేటలో క్వార్టరు, కంపెనీ ఆసుపత్రిలో ఉద్యోగం. తాతకు పొద్దున్న ఆరింటి షిఫ్టయితే ఆవిడకు రాత్రి పదింటిది. మా నాన్ననీ అత్తల్నీ పక్కింటి బెంగాలీ వాళ్ళు, ఎదురింటి పార్వతీపురం వాళ్ళు పెంచారనే చెప్పాలి. రాత్రి డ్యూటీకి వెళ్తుంటే కొలిమి చిట్టెం పారబోసినప్పుడల్లా ఆకాశం ఎర్రగా వెలిగేదట. ఆ వెలుగులోనే చీర కుచ్చిళ్ళు సర్దుకునేదాన్నని చెప్పేది.

కదమా తెలుగువాళ్ళకు ఆవిడ నర్సమ్మ, తక్కినవాళ్ళకు సిస్టర్ దీదీ. ఊళ్ళో చుట్టాలకు మాత్రం చాలాకాలం 'రాత్రిళ్ళు బయట తిరిగే కోడలు'. పెళ్ళిళ్ళకు వెళ్తే కూరలు తరగడానికి పిలిచేవారు కాదు. పరాయివాళ్ళ మలమూత్రాలు ఎత్తే చెయ్యి కదా! ఆ చుట్టాల్లోనే ఒకావిడ పక్షవాతంతో పడిపోతే మామ్మ సెలవు పెట్టి వెళ్ళి పద్దెనిమిది రోజులు పక్కన ఉంది. ఈ సంగతి ఆవిడ ఏనాడూ నాతో అనలేదు. అత్త చెబితే తెలిసింది, విన్నప్పటి నుంచీ నాకు కోపం తగ్గలేదు.

నాడి చూడటం నాకు ఆవిడే నేర్పింది. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు ఎముక పక్కన మూడు వేళ్ళు ఆనించాలి. బొటనవేలు వాడకూడదు. దానికి సొంత నాడి ఉంటుంది, అవతలి మనిషిదనుకుని మనదే లెక్కపెట్టేస్తాం. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే సరిపోదా అని అడిగాను. 'మిగతా నలభై అయిదు సెకన్లలో నాడి తప్పితే ఎవులు సూస్తారే?' అంది. నిమిషం అంటే నిండా నిమిషమే.

పడక మీదున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మడమలు, తుంటి, నడుం కింది ఎముక, భుజాల వెనక చర్మం ఎర్రబడిందేమో చూడాలి. వేలితో నొక్కి వదిలితే ఎరుపు పోయి మళ్ళీ వస్తే ఫరవాలేదు. నొక్కినా పోకుండా అలాగే ఉండిపోతే పుండు లోపల మొదలైనట్టే. పక్క దుప్పటి ముడత పడిందంటే ఆవిడకు నిద్రపట్టేది కాదు. ఇంట్లో మా మంచాల మీది దుప్పట్లు కూడా వార్డులో లాగే మూలలు మడిచి బిగించేది.

ఇక 1974. ఆ ఏడు దేశంలో దాదాపు 1,88,000 మశూచి కేసులు నమోదయ్యాయి. అన్నిటికంటే ఎక్కువ అవస్థ పడింది బీహారు. జంషెడ్‌పూర్ అప్పుడు బీహారులోనే ఉంది. పని కోసం వచ్చిన కూలీలు ఒంట్లో జ్వరం రాగానే సొంతూరికి రైలెక్కేవారు. అలా టాటానగర్ స్టేషన్ నుంచి మశూచి ఎన్ని ఊళ్ళకు పాకిందో! ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున వచ్చిన లారీ బ్రిలియంట్ అనే అమెరికన్ డాక్టరు కంపెనీ పెద్ద రూసీ మోదీని కలిసి సాయం అడిగాడు. కంపెనీ డాక్టర్లనీ జీపుల్నీ మనుషుల్నీ ఇచ్చింది. బస్తీల్లో ఇల్లిల్లూ గాలించడానికి వెళ్ళినవాళ్ళలో మామ్మ ఒకరు.

మశూచి టీకా సూది చిన్నది, కొసన రెండు పళ్ళు. ఆ పళ్ళ మధ్య మందు చుక్క నిలుస్తుంది. భుజం మీద ఒకేచోట చకచకా పదిహేను పోట్లు పొడవాలి, కాస్త నెత్తురు చెమ్మ కనబడాలి. స్పిరిటు రాయకూడదు, రాస్తే టీకా పనిచేయదు. ఏ సూదికైనా ముందు స్పిరిటు దూది అందుకునే అలవాటున్న చేతిని అదుపులో పెట్టడమే కష్టమైందని చెప్పేది.

అంతకంటే కష్టం గుమ్మం దాటడం. వేపమండలు కట్టిన ఇంట్లో అమ్మవారు పోసిన పిల్లను దాచేసేవారు, సూది పొడిస్తే తల్లికి కోపం వస్తుందని. తోటివాళ్ళలో కొందరు వాదనకు దిగేవారు. మామ్మ చెప్పులు విడిచి, అడిగి నీళ్ళు పోయించుకుని కాళ్ళు కడుక్కుని, గుమ్మం బయటే నిలబడి 'తల్లి ఎన్నాళ్ళయింది వచ్చి?' అనేది. అంతే. ఎన్నాళ్ళో చెప్పేవారు. చూడ్డానికి ఎవరెవరు వచ్చారో, వాళ్ళలో ఏ ఊరికి ఎవరు రైలెక్కారో కూడా చెప్పేవారు. గాలింపు జట్టుకు కావలసింది సరిగ్గా అదే: పొక్కులు మొదలైన రోజు, పక్కన మసలినవాళ్ళ పేర్లు. ఒంట్లోకి చేరిన మశూచి బయటపడటానికి సుమారు పన్నెండు రోజులు పడుతుంది. ఆలోపే వాళ్ళందరినీ పట్టుకుని టీకా వేయాలి.

లోపలికి రానిచ్చాక 'అరచెయ్యి చూపించు తల్లీ' అనేది. ఆటలమ్మ అయితే పొక్కులు వీపునా పొట్టమీదా ఎక్కువ, ఒకటి అప్పుడే పొంగుతుంటే పక్కది ఎండిపోతుంటుంది. పెద్దమ్మవారైతే, అంటే మశూచి అయితే, ముఖం, చేతులు, అరచేతులు, అరికాళ్ళు. పొక్కులన్నీ ఒకే ఈడువి. బర్మామైన్స్‌ పేటలో ఒక ఇంట్లో అందరూ ఆటలమ్మే అంటుంటే, పిల్ల గుప్పెట విప్పించి చూసి మామ్మ బయటికొచ్చి జీపు వాళ్ళను పిలిచిందట. ఆ పిల్ల బతికిందా అని నేనెన్నిసార్లు అడిగానో. 'బతికింది. మచ్చలు మిగిలాయి' అనేది.

దేశంలో చివరి మశూచి కేసు 1975 మే 24న బయటపడింది. అదీ ఒక రైల్వే స్టేషన్‌లోనే, అస్సాంలోని కరీంగంజ్‌లో. ఆ మాట చెప్పేటప్పుడు మామ్మ కళ్ళు మెరిసేవి.

రెండేళ్ళ క్రితం మా అమ్మ ఒక పెద్ద ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రంతా వార్డులో కూర్చున్నాను. ముప్పై మంచాలకు ఒక్క నర్సు. ఆ అమ్మాయి పరిగెత్తుతూనే ఉంది, మీటర్లు చూసి అంకెలు రాసుకుంటూనే ఉంది. ఎవరి ముఖం చూడటానికీ ఆమెకు తీరిక లేదు. ఆమె తప్పు రవ్వంతైనా లేదు. ఒక్క మనిషి ముప్పై మందిని కనిపెట్టుకుని ఉండలేదు. జీతాలు మిగులుతున్నాయని ఈ ఏర్పాటును ఒప్పుకుంటున్నవాళ్ళు రోగి నుంచి ఏం లాక్కుంటున్నారో తెలుసుకోవాలి.

మామ్మ చివరి నెల కదమాలోనే మంచం మీద గడిచింది. రెండు గంటలకోసారి నేనే తిప్పేదాన్ని. మొదట్లో 'దుప్పటి లాగు, ముడతుంది' అనేది. తర్వాత మాట పోయింది. మాఘమాసం, చలి. ఓ తెల్లవారుజామున తిప్పి పడుకోబెట్టి పక్కనే కూర్చుంటే నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. చలికి పట్టుకుందనుకుని అలాగే ఉన్నాను. కాసేపటికి కిందికి చూశాను. మూడు వేళ్ళు నా మణికట్టు మీద ఆనించి ఉన్నాయి. బొటనవేలు పైకెత్తి ఉంది.