లైంగిక చికిత్స, మతవిశ్వాసం: క్లిఫర్డ్ పెన్నర్ వృత్తిజీవితం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికన్ మనస్తత్వవేత్త క్లిఫర్డ్ పెన్నర్ లైంగిక చికిత్సను క్రైస్తవ విశ్వాసంతో సమన్వయించారు. ఆ సమన్వయానికి మూలం చికిత్సకుడు ఇచ్చే 'అనుమతి' అని, ఆ అనుమతికి గల హద్దు దగ్గరే దాని బలహీనత కూడా బయటపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లైంగిక చికిత్స, మతవిశ్వాసం, అనుమతి, అపరాధభావన, పరమగీతము.

1. ఉపోద్ఘాతం

విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లో ప్రచురించిన 'హ్యూమన్ సెక్సువల్ ఇనెడిక్వసీ' ఆధునిక లైంగిక చికిత్సకు ఆధారగ్రంథం. లైంగిక సమస్యలకు దోహదం చేసే కారణాలలో కఠినమైన మతనిష్ఠను కూడా ఆ గ్రంథం చేర్చింది. పదకొండేళ్ల తరువాత, 1981లో, క్లిఫర్డ్ పెన్నర్, ఆయన భార్య జాయిస్ పెన్నర్ కలిసి 'ది గిఫ్ట్ ఆఫ్ సెక్స్' రచించారు. క్లిఫర్డ్ క్లినికల్ సైకాలజిస్టు. జాయిస్ నర్సింగ్ రంగ నిపుణురాలు. వీరి కార్యక్షేత్రం కాలిఫోర్నియాలోని పాసడీనా. ఆ నగరంలోని ఫుల్లర్ దైవశాస్త్ర విద్యాలయం 1965లోనే మనస్తత్వశాస్త్ర విభాగాన్ని నెలకొల్పింది. మతాన్ని రోగకారణాలలో ఒకటిగా లెక్కించిన శాస్త్రపద్ధతిని విశ్వాసులే స్వీకరించి చికిత్సకు వాడుకోవడం ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

2. పద్ధతి శాస్త్రానిది

మాస్టర్స్, జాన్సన్ రూపొందించిన 'సెన్సేట్ ఫోకస్' పద్ధతిలో దంపతులు కొంతకాలం సంభోగాన్ని పూర్తిగా మానుకొని, కేవలం స్పర్శానుభూతిపై దృష్టి నిలుపుతారు. 'నేను సఫలమవుతానా?' అనే ఆందోళన ఉన్న వ్యక్తి తన చర్యకు తానే ప్రేక్షకుడవుతాడని వారి పరిశీలన. ఆ ప్రేక్షకుణ్ణి తప్పించడమే ఈ అభ్యాసాల లక్ష్యం. పెన్నర్ దంపతులు ఈ క్రమాన్ని ప్రాతిపదికగా తీసుకున్నారు. అయితే, మతనిష్ఠలో పెరిగిన వ్యక్తి మనసులో ప్రేక్షకుడితో పాటు ఒక న్యాయాధిపతి కూడా ఉంటాడు. అభ్యాసాలు ప్రేక్షకుణ్ణి పంపించగలవు గాని, న్యాయాధిపతిని ఒప్పించడానికి విశ్వాసభాషే కావాలి.

3. వ్యాఖ్యానమే చికిత్స

ఆ భాషను పెన్నర్ దంపతులు బైబిలు నుంచే తెచ్చుకున్నారు. పరమగీతములోని ప్రేమను సంఘానికీ క్రీస్తుకూ, లేదా ఆత్మకూ దైవానికీ మధ్య ఉన్న ప్రేమగా చూడటం ఒరిజెన్ కాలం నుంచీ క్రైస్తవ సంప్రదాయంలో బలంగా ఉన్నది. పెన్నర్ దంపతులు దానిని భార్యాభర్తల దేహప్రేమను కీర్తించే గ్రంథంగా చదివారు. తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ సమస్య కొత్తది కాదు. క్షేత్రయ్య పదాలలోని నాయికా నాయకుల శృంగారాన్ని జీవాత్మ పరమాత్మల సంబంధంగా సమర్థించే వ్యాఖ్యానం మనకు పరిచితమే. మన వ్యాఖ్యాతలు శృంగారం నుంచి భక్తికి నడవగా, పెన్నర్ దంపతులు భక్తిపరమైన అర్థం నుంచి శృంగారానికి తిరిగి వచ్చారు. మన దగ్గర వ్యాఖ్యానం గ్రంథాన్ని కాపాడటానికి ఉపయోగపడింది. వారి దగ్గర పాఠకుడి భయాన్ని తొలగించడానికి ఉపయోగపడింది.

4. అనుమతి – దాని అధికారం

మనస్తత్వవేత్త జాక్ ఆనన్ 1976లో వివరించిన నమూనా ప్రకారం లైంగిక చికిత్సలో నాలుగు మెట్లున్నాయి: అనుమతి, పరిమిత సమాచారం, నిర్దిష్ట సూచనలు, తీవ్ర చికిత్స. మొదటి మెట్టు అనుమతి కావడం గమనార్హం. 'ఇది తప్పు కాదు' అని మతాతీతుడైన వైద్యుడు చెబితే, విశ్వాసి దానిని సమాచారంగా వినవచ్చు. అనుమతిగా స్వీకరిస్తాడన్న నమ్మకం లేదు. అదే మాట తన విశ్వాసాన్ని పంచుకునే చికిత్సకుడు చెబితే దాని బరువు వేరు. పెన్నర్ వృత్తిజీవితపు అసలైన విజయం ఇదే.

5. హద్దు వద్ద సంఘర్షణ

ఆ అనుమతికి హద్దు వివాహం. శాస్త్రం 'ఎలా' అన్నదానికి సమాధానం చెబితే, విశ్వాసం 'ఎవరు, ఎప్పుడు' అన్నవాటిని నిర్ణయిస్తుంది. దంపతుల సమస్య ఈ హద్దులోపల ఉన్నంతకాలం రెండింటికీ ఘర్షణ లేదు. వ్యక్తి బాధకు ఆ హద్దే కారణమైనప్పుడు ఏమవుతుంది? నటాషా హెల్ఫర్ ఉదంతం దీనికి సమాధానం. ఆమె సైకాలజిస్టు కారు. వివాహ, కుటుంబ చికిత్సకురాలు, సెక్స్ థెరపిస్టు, మార్మన్ విశ్వాసి. హస్తప్రయోగం పాపం కాదనీ, అశ్లీల చిత్రాలు చూడటాన్ని వ్యసనంగా పరిగణించి చికిత్స చేయడం సరికాదనీ బహిరంగంగా చెప్పారు. స్వలింగ వివాహాన్ని సమర్థించారు. 2021 ఏప్రిల్‌లో కాన్సాస్‌లోని స్థానిక మార్మన్ నాయకత్వం ఆమె సభ్యత్వాన్ని తొలగించింది. అనుమతి ఇచ్చే అధికారం చికిత్సకుడికి విశ్వాససమాజం నుంచి సంక్రమిస్తున్నది కనుక, ఆ సమాజం దానిని తిరిగి తీసుకోగలదని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

పెన్నర్ మార్గంలో మరొక ప్రమాదం ఉన్నది. చికిత్సకుడు 'వద్దు' అన్నప్పుడు ఆ మాట శాస్త్రానిదా, విశ్వాసానిదా అన్నది ఎదుట కూర్చున్న వ్యక్తికి తెలియకపోవచ్చు. అవివాహితులకూ స్వలింగ ప్రేమికులకూ ఈ అస్పష్టత కలిగించే హాని చిన్నది కాదు. విశ్వాసనిషేధం వైద్యనిర్ణయంగా వినిపిస్తే, మనసులోని న్యాయాధిపతికి శాస్త్రం కూడా సాక్షిగా నిలుస్తుంది.

6. తెలుగు సందర్భం

తెలుగునాట లైంగిక విజ్ఞానాన్ని వారపత్రికల ద్వారా ఇంటింటికీ చేర్చిన డాక్టర్ జి. సమరం నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. అంటే, ఇక్కడ ఈ పని ప్రధానంగా హేతువాద స్వరంతో సాగింది. అపోహలను తొలగించడంలో ఆ స్వరం చేసిన మేలు తిరుగులేనిది. కాని వీర్యనష్టం గురించిన భయం వంటివి తప్పుడు సమాచారంతో పాటు పవిత్రత, నిగ్రహం వంటి విలువలతోనూ పెనవేసుకొని ఉంటాయి. ఎన్.ఎన్. విగ్ 1960లో 'ధాతు సిండ్రోమ్'గా గుర్తించినది ఈ భయాన్నే. ఇటువంటి చోట సమాచారం ఒక్కటే సరిపోతుందా అన్నది మన పరిశోధకులు పరిశీలించదగిన ప్రశ్న.

7. ముగింపు

విశ్వాసిని అతని విశ్వాసభాషలోనే పలకరించవచ్చునని పెన్నర్ వృత్తిజీవితం నిరూపించింది. ఆ భాషకు యజమాని చికిత్సకుడు కాడని హెల్ఫర్ ఉదంతం గుర్తుచేసింది. కనుక ఇటువంటి సమన్వయాన్ని అంచనా వేయడానికి ఒక ప్రమాణం అవసరం: తన సలహాలో శాస్త్రం ఎక్కడ ముగిసి విశ్వాసం ఎక్కడ మొదలవుతుందో చికిత్సకుడు మొదటి సమావేశంలోనే చెప్పాలి. ఆ మాట విన్న వ్యక్తి ఉండాలా, మరొకరి దగ్గరకు వెళ్లాలా అన్నది స్వయంగా నిర్ణయించుకోగలుగుతాడు. మొదట దక్కవలసిన అనుమతి అదే.