కనురెప్పతో చెప్పిన మాట

రోగిని చూడ్డానికి వెళ్లడం కూడా నేర్చుకోవలసిన పనే. నాకది మా బావ మంచం పక్కన తెలిసింది.

ఆదివారం పొద్దున కాలి చెప్పు జారిపోతోందన్నాడు. సోమవారం మెట్టెక్కలేకపోయాడు. బుధవారం రాత్రికి ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టారు. అంతకు పదిరోజుల ముందు విరేచనాలై తగ్గాయి. దాన్నెవరం పట్టించుకోలేదు.

"ఎవరి ఉసురు తగిలిందో" అని బావ వాళ్లమ్మ ఒకటే ఏడుపు. ఊళ్లోవాళ్లు పక్షవాతమన్నారు. పక్షవాతం సాధారణంగా ఒక పక్కను పడేస్తుంది. ఇది రెండు కాళ్లనూ పట్టుకుని పైకి పాకింది. పేరు గులియన్ బారే సిండ్రోమ్. 2025 మొదట్లో పుణెలో చాలామందికి వచ్చిందని పేపర్లలో చదివిన జీబీఎస్ ఇదే. ఒంట్లో చేరిన క్రిమి మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబడి నరాల మీదికే తిరగబడుతుంది. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడమో, ప్లాస్మా మార్చడమో చికిత్స. కొందరు దక్కరు. ఎక్కువమంది మళ్లీ నడుస్తారు, నెలలు పడుతుంది. "ఇది ఉసురు కాదత్తయ్యా, నువ్వు చేసిన పాపమూ కాదు" అని ఐసీయూ బయట బెంచీ మీద ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో.

లోపల బావకు స్పృహ పూర్తిగా ఉంది. చెవులు వింటున్నాయి. అక్కా నేనూ పాదాలు నిమురుతూ హనుమాన్ చాలీసా చదివేవాళ్లం. ఆయన కళ్లవెంట నీళ్లు కారేవి. భక్తి అనుకున్నాం.

ఆరో రోజున నర్సమ్మ అట్టముక్క మీద అక్షరాలు రాసి తెచ్చింది. మేం వేలు జరుపుతుంటే కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప వేయాలి. చాలాసేపటికి కూడిన మొదటి మాట: "కాళ్లు ముట్టొద్దు."

ఈ జబ్బులో నరాల నొప్పి ఘోరంగా ఉంటుందట. ఆయనకు దుప్పటి తగిలినా మంటే. ఆరు రోజులు దేవుడి పేరు చెప్పి ఆ మనిషిని బాధపెట్టాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మర్నాటి నుంచి ముందు అడిగేదాన్ని. "చాలీసా చదవనా బావా?" వద్దన్నాడు. "తేదీ" అని కూర్చాడు. తేదీ చెప్పాను, వాన పడిందని చెప్పాను, ఆవు ఈనిందని చెప్పాను. కొన్నిరోజులు ఏమీ చదవకుండా ఊరికే కూర్చున్నాను.

పన్నెండో రోజు తనే అక్షరాలు కూర్చాడు: "చాలీసా. మెల్లగా."

మెల్లగా మొదలుపెట్టాను. మధ్యలో ఒక పాదం తప్పు చదివాను. బావ రెప్ప వేసి ఆపాడు.