ఎవరు ఆడించిన ఆట?

1898 సెప్టెంబరు. ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ మధ్యనున్న టోరెస్ జలసంధిలో మెర్ అనే చిన్న దీవి. కేంబ్రిడ్జి నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ హ్యాడన్ అక్కడ కొందరు పురుషుల నాట్యాన్ని కెమెరాకు ఎక్కించాడు. లూమియేర్ సోదరులు ప్యారిస్‌లో టిక్కెట్టు పెట్టి సినిమా చూపించి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. తీసినదాంట్లో కొద్ది నిమిషాలే మిగిలాయి. తెర మీద కనిపించేది మలో-బొమాయ్ దైవాల కొలువు. మిషనరీలు అడుగుపెట్టాక ఆ కొలువు ఆగిపోయింది, అసలు ముసుగులూ పోయాయి. హ్యాడన్ అట్టలు ఇస్తే దీవివాసులు వాటితో ముసుగులు తయారుచేసి, తలకు తొడుక్కుని ఆడి చూపించారు.

అంటే మెలనేసియా జనజీవితం మీద వచ్చిన తొలి చిత్రాల్లోనే ‘ఉన్నది ఉన్నట్టు’ అనేది లేదు. కెమెరా కోసం కట్టిన వేషమది. అందువల్ల ఈ సినిమాల ముందు కూర్చుని ఇది నిజమా, నటనా అని తేల్చుకోబోతే ముందుకు కదలలేం. ఆట ఎవరు ఆడించారు, ఎవరి కోసం ఆడించారు అని అడిగితే మాత్రం నూట పాతికేళ్ళ చరిత్ర ఒక వరసలో కనిపిస్తుంది.

పసిఫిక్‌లో న్యూగినీ మొదలుకొని సాలమన్ దీవులు, వనువాతు, న్యూ కలెడోనియా మీదుగా ఫిజీ దాకా ఉన్న దీవుల వరసను మెలనేసియా అంటారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువారు చెరకు తోటల్లో కూలీలుగా దిగింది ఈ వరస చివరనున్న ఫిజీలోనే. ఒక్క పాపువా న్యూగినీలోనే ఎనిమిది వందలకు పైగా భాషలున్నాయి. కాబట్టి ‘మెలనేసియా సంప్రదాయం’ అని ఏకవచనంలో చెప్పే సినిమాను మొదటే కాస్త అనుమానించాలి. మంచి చిత్రాలన్నీ ఒక లోయకో, ఒక ఊరికో కట్టుబడి ఉంటాయి.

తొలి తరం చిత్రాల పద్ధతికి శిఖరం రాబర్ట్ గార్డ్‌నర్ తీసిన ‘డెడ్ బర్డ్స్’ (1963). న్యూగినీ పడమటి సగం అప్పట్లో డచ్చివారి చేతిలో ఉండేది. అక్కడి బలియెం లోయలో డాని ప్రజల మధ్య 1961లో దీన్ని చిత్రించారు. మనిషి పక్షిలా చచ్చిపోవాలా, పాములా కుబుసం విడిచి బతకాలా అని పక్షీ పామూ పందెం వేసుకున్న డాని కథతో సినిమా మొదలవుతుంది. పక్షి గెలిచింది, మనిషికి చావు రాసిపెట్టి ఉంది. ఆ కథ నీడలోనే కావలి మంచె మీద కాపలా కాసే వెయాక్ అనే యోధుణ్ణీ, పందులు కాచే పువా అనే పిల్లవాణ్ణీ చూస్తాం. ఎదురెదురు కొండల వాళ్ళు ఈటెలతో తలపడే దృశ్యాలు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడిపిస్తాయి.

చిక్కు కూర్పులో ఉంది. బొమ్మా శబ్దమూ ఒకేసారి పట్టే ఏర్పాటు ఆ బృందానికి లేదు, శబ్దాలు విడిగా సేకరించి తర్వాత అతికించారు. ఒకే యుద్ధంలా కనిపించేది వేర్వేరు రోజుల పోరాటాల ముక్కలతో కుట్టినదని ఆ బృందంలోని మానవశాస్త్రజ్ఞుడు కార్ల్ హైడర్ తర్వాత రాశాడు. వెయాక్ ఏమనుకుంటున్నాడో వెయాక్ చెప్పడు, గార్డ్‌నర్ గొంతు చెబుతుంది. చావులు నిజం, కన్నీళ్ళు నిజం, వాటికి అర్థం మాత్రం హార్వర్డ్ నుంచి వచ్చిన బృందానిది. సినిమాగా గొప్పది. అయితే అందులో డానిలకు మాట లేదు.

1970లు వచ్చేసరికి భుజాన మోసుకుపోయే 16 ఎంఎం కెమెరా, దానితో పాటే నడిచే శబ్దగ్రహణ యంత్రం చేతికొచ్చాయి. వాటికి సబ్‌టైటిల్ తోడైంది. ఎదుటి మనిషి తన భాషలో, తన ధోరణిలో మాట్లాడితే లోకం చదువుకునే వీలు కలిగింది. బ్రిటన్‌లోని గ్రనాడా టీవీ తీసిన ‘ఓంకాస్ బిగ్ మోకా’ (1974) ఆ మార్పుకు మంచి ఉదాహరణ. పాపువా న్యూగినీలోని మౌంట్ హాగెన్ దగ్గర కావెల్కా తెగలో ఓంకా పెద్దమనిషి. ఒకరు ఇచ్చిన పందులకు మించిన కానుక తిరిగి ఇచ్చి పరువు గెలవడాన్ని అక్కడ మోకా అంటారు. బాకీ తీర్చడంతో సరిపోదు, అవతలివాడు తలెత్తలేనంత ఇవ్వాలి. ఆరు వందల పందులు, కొన్ని ఆవులు, క్యాసొవరీ పక్షులు, ఒక ట్రక్కు కూడబెట్టడానికి ఓంకా ఊరూరా తిరుగుతూ బతిమాలతాడు, బెదిరిస్తాడు, వాగ్ధాటితో ఊదరగొడతాడు. ఈలోగా పుకార్లు లేచి ముహూర్తం వాయిదాల మీద వాయిదాలు పడుతుంది. బ్రిటన్ నుంచి వచ్చిన బృందం చేయగలిగింది కాచుకుని కూర్చోవడమే. కెమెరా షెడ్యూలు ఓంకా గుప్పిట్లోకి వెళ్ళిపోయింది, సినిమాకు ప్రాణమూ అక్కడే వచ్చింది.

ఆట పగ్గాలు చేతులు మారడాన్ని ఇంకా కళ్ళకు కట్టేది ‘ట్రోబ్రియాండ్ క్రికెట్’. పాపువా న్యూగినీకి స్వాతంత్ర్యం వచ్చిన 1975 ప్రాంతంలో జెర్రీ లీచ్, గ్యారీ కిల్డియా దీన్ని తీశారు. ట్రోబ్రియాండ్ దీవుల్లో ఊళ్ళ మధ్య పోరాటాలు మాన్పించడానికి మెథడిస్టు మిషనరీ గిల్మర్ 1903లో క్రికెట్ నేర్పాడు. దీవివాసులు నేర్చుకున్నారు, ఆ తర్వాత తమకు నచ్చినట్టు తిరగరాసుకున్నారు. బ్యాటు ఎవరిదైతే వారిదే మొదటి బ్యాటింగ్ అనే మన గల్లీ న్యాయం దీని ముందు చిన్నబోతుంది. ఇరుపక్షాలూ సమానంగా ఉంటే చాలు, జట్టుకు ఎంతమందైనా ఆడొచ్చు. బౌలింగు ఈటె విసురులా ఉంటుంది. గురి మరీ సూటిగా ఉండటంతో వికెట్ల కొలతలే మార్చుకున్నారు. అంపైరు బ్యాటింగ్ జట్టు మనిషి. ఒకప్పుడు యుద్ధాయుధాలకు వేసిన మంత్రం ఇప్పుడు బ్యాట్లకూ బంతికీ వేస్తారు. ఒంటికి రంగులు పూసుకుని, ఈకలు కట్టుకుని జట్లు నాట్యం చేస్తూ మైదానంలోకి వస్తాయి. వికెట్ పడితే మళ్ళీ నాట్యం. రెండో ప్రపంచ యుద్ధంలో చూసిన విమానాల నుంచి రెక్కలు చాపి ఊగే నాట్యం పుట్టింది. గెలుపు ఎప్పుడూ ఆతిథ్యమిచ్చిన ఊరిదే, ఆ ఊరే చివర్లో విందు పెట్టి ఆహారం పంచుతుంది.

ఇంతటి వింతను చూపిస్తూ కూడా సినిమా వెటకారంలోకి జారదు. ఆటలోని ప్రతి మార్పుకూ కారణం దీవి పెద్దలే వివరిస్తారు. యుద్ధంలో వరుస కట్టడం ఎలా ఉండేదో, మైదానంలో ఎలా మిగిలిందో పక్కపక్కన పెట్టి చూపుతుంది కూర్పు. అసలు విశేషం మరొకటి ఉంది. తెర మీద ఆడే మ్యాచ్‌ను ఏర్పాటు చేసింది కబిసావాలి అనే స్థానిక రాజకీయ ఉద్యమం. తమ శక్తినీ సంస్కృతినీ చాటుకోవడానికి వాళ్ళకు అదొక వేదిక. మెర్ దీవిలో లాగే ఇదీ కెమెరా ముందు పెట్టిన ఆటే. అక్కడ ఆడించింది శాస్త్రవేత్త, ఇక్కడ ఆడించుకున్నది ఊరు.

ఆస్ట్రేలియా దంపతులు బాబ్ కానలీ, రాబిన్ ఆండర్సన్ మరో దారి పట్టారు. న్యూగినీ ఎగువ లోయల్లో మనుషులే ఉండరని బయటివాళ్ళు అనుకుంటున్న రోజుల్లో, 1930ల్లో బంగారం వెతుక్కుంటూ లేహీ సోదరులు వెళ్ళారు. అక్కడ సుమారు పది లక్షల మంది సేద్యం చేసుకుంటూ కనిపించారు. మైఖేల్ లేహీ తన కెమెరాతో ఆ తొలి చూపులను చిత్రించాడు. ‘ఫస్ట్ కాంటాక్ట్’ (1983)లో కానలీ దంపతులు ఆ పాత రీళ్ళతో పాటు వాటిలోని తరానికి చెందిన ముసలివాళ్ళనూ తెర మీదికి తెచ్చారు. తెల్లవాళ్ళను చచ్చిపోయిన పూర్వీకులనుకున్నామని, చాటుగా వాళ్ళ మలం పరీక్షించాక మనుషులేనని తేలిందని వాళ్ళు నవ్వుతూ చెబుతారు. యాభై ఏళ్ళుగా ఒకవైపు నుంచే సాగిన చూపుకు అవతలి వైపు దొరికింది. చిత్రానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

వాళ్ళు అక్కడితో ఆగలేదు. మైఖేల్ లేహీకి స్థానిక మహిళ వల్ల కలిగిన కొడుకు జో, కాఫీ తోటల యజమాని. అతనికీ పొరుగున ఉన్న గనిగా తెగకూ మధ్య కాపురం పెట్టి, ఒకరు కెమెరా, ఒకరు శబ్దం చూసుకుంటూ ‘జో లేహీస్ నైబర్స్’ (1989), ‘బ్లాక్ హార్వెస్ట్’ (1992) తీశారు. నేల గనిగాలది, పెట్టుబడీ మెళకువా జోవి. ఏళ్ళు కాచుకుని పంట చేతికొచ్చే వేళకు, 1989లో అంతర్జాతీయ ఒప్పందం కుప్పకూలి కాఫీ ధర పడిపోయింది. కూలి తగ్గించుకోమంటే గనిగాలు మోసమన్నారు. అంతలో తెగల పోరు రేగింది, గింజలు చెట్టు మీదే ఎండిపోయాయి. ఇలాంటి కథకు ముందే స్క్రిప్టు ఉండదు. అక్కడే ఉండి, రెండు పక్షాల నమ్మకమూ పోగొట్టుకోకుండా కాచుకోవడమే ఇందులో సాంకేతికత.

డెనిస్ ఒరూర్క్ తీసిన ‘క్యానిబల్ టూర్స్’ (1988)లో కెమెరా యాత్రికుల వైపు తిరుగుతుంది. న్యూగినీలోని సెపిక్ నది మీద విలాస నౌకలో వచ్చిన ఐరోపా, అమెరికా సందర్శకులు బొమ్మల ధరలు బేరమాడతారు, ఫోటోలు తీసుకుంటారు, చివరికి తామే ముఖాలకు రంగులు పూసుకుని గంతులేస్తారు. డబ్బున్నవాళ్ళు ఇంతగా బేరమాడటమేమిటని గ్రామస్థులకు అంతుపట్టదు.

ఊరే ఆట ఆడించుకునే తోవలో దూరం నడిచిన కథాచిత్రం ‘టన్నా’ (2015). వనువాతులో యాసుర్ అగ్నిపర్వతం ఉన్న టన్నా దీవిలో యాకెల్ ఊరివాళ్ళు పాత ఆచారాన్నే పట్టుకుని బతుకుతున్నారు. దర్శకుడు బెంట్లీ డీన్ కుటుంబంతో ఏడు నెలలు అక్కడ కాపురమున్నాడు, సహదర్శకుడు మార్టిన్ బట్లర్. కథ ఊరివాళ్ళదే. 1987లో, పెద్దలు కుదిర్చిన పెళ్ళిని కాదని ఒక జంట ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత అక్కడి పెద్దలు ప్రేమ పెళ్ళికీ ఆచారంలో చోటిచ్చారు. వేషాలు కట్టింది ఊరివాళ్ళే, మాటలు తమ నవ్హాల్ భాషలో వాళ్ళే అల్లుకున్నారు. పెద్దరికం ఉన్నవాడే తెర మీదా పెద్ద. వెనిస్‌లో బహుమతులూ, ఆస్కార్ నామినేషనూ దక్కాయి. అందమైన అడవీ నిప్పులు కక్కే కొండా చూసి ఇదొక స్వర్గమని భ్రమపడే ప్రమాదం ఉంది. సినిమా సారం మాత్రం ఆచారం మారడంలో ఉంది. ఆ మార్పును తామే చేశామని ఊరు సగర్వంగా చెప్పుకుంటోంది.

పాపువా న్యూగినీ దర్శకుడు తన దేశపు ప్రేక్షకుల కోసమే తీస్తే ఎలా ఉంటుందో ‘టుకానా’ (1984) చెబుతుంది. బోగన్‌విల్‌కు చెందిన ఆల్బర్ట్ టోరో, క్రిస్ ఓవెన్‌తో కలిసి టోక్ పిసిన్ భాషలో తీశాడు. విశ్వవిద్యాలయం వదిలేసి వచ్చిన కుర్రవాడు, కుదిర్చిన పెళ్ళి, పాంగునా రాగి గని జీతం, సారా. ఇందులో ఈకల నాట్యాలను వివరించాల్సిన పని లేదు. చూసేవాళ్ళకు అవి తెలుసు, తెలియనిది తమ పిల్లలు ఎటు పోతున్నారన్నదే.

బయటివాళ్ళ సినిమాలన్నీ దండగని దీని అర్థం కాదు. వాటిలో వినపడనిది ఏమిటో మాత్రం గమనించాలి. హ్యాడన్ చిత్రించిన మెర్ దీవి నుంచే ఎడీ మాబో వచ్చాడు. ఆయనా తోటివాళ్ళూ 1982లో భూమి హక్కు కోసం దావా వేసి, ఆ నాట్యంలో కొలిచిన మలో దైవం శాసనాన్ని సాక్ష్యంగా చెప్పారు. 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు మూలవాసుల భూమి హక్కును గుర్తించింది. శాస్త్రవేత్త కనుమరుగవుతోందనుకుని అట్టముసుగులతో భద్రపరచినది దీవివాసులకు నడుస్తున్న చట్టం. ఆ కొద్ది నిమిషాల చిత్రంలో ఇది ఎక్కడా వినపడదు, ఎందుకంటే అందులో ఆడినవాళ్ళకు మాట లేదు. తర్వాతి చిత్రాల విలువ వాటి అందంతో కొలవనక్కర్లేదు, అడిగి తీశారా లేదా అన్నది చూస్తే చాలు.