ముందు ఎర్త్ చూడండి

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. దానికి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 బ్రిటన్‌లో ఎప్పుడో కనుమరుగైంది. ఆ కార్ల వైరింగును చదవగల చేతులు మాత్రం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇంకా ఉన్నాయి. వాళ్ల ప్రధాన ఆయుధం టెస్ట్ ల్యాంపు: ఒక బల్బు, రెండు వైర్లు, ఒక క్లిప్పు, ఒక సూదిమొన. మిగిలిందంతా ఆలోచనే. నేను ఈ విద్యను గౌరవించేది అందుకే.

పాత కారులో దీపానికి కరెంటు వైరులో వస్తుంది, తిరిగి వెళ్లేది కారు బాడీ ద్వారా. ఆ తిరుగుదారినే ఎర్త్ అంటారు. తుప్పో, కొత్తగా వేసిన రంగో ఆ దారికి అడ్డుపడితే కరెంటు పక్కదారి పడుతుంది. బ్రేకు తొక్కగానే ముందున్న పార్కింగ్ లైట్లు మసగ్గా వెలుగుతాయి. కొత్తవాళ్లు స్విచ్చిని అనుమానిస్తారు. పాత మెకానిక్ నేరుగా డిక్కీ వైపు నడుస్తాడు. వెనకదీపంలో బ్రేకుకీ పార్కింగ్‌కీ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. ఆ బల్బుకి ఎర్త్ తెగితే, బ్రేకు ఫిలమెంటులోకి వచ్చిన కరెంటు రెండో ఫిలమెంటులోంచి ఎదురు నడిచి, పార్కింగ్ లైట్ల వైరు పట్టుకుని మిగతా బల్బుల ద్వారా ఎర్త్ చేరుతుంది. అక్కడ హోల్డరు గీకి శుభ్రం చేస్తే సరిపోతుంది, స్విచ్చి కొననక్కర్లేదు.

మీటరు వాడేవాళ్లు తరచుగా ఒక చోట బోల్తా పడతారు. లోడు లేకుండా చూస్తే, ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 12 వోల్టులూ చూపిస్తుంది. అందుకే లైటు వెలుగుతుండగానే కొలవాలి. నెగటివ్ ఎర్త్ కారైతే, అంటే బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలిపినదైతే, మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది బల్బు హోల్డరు మీద పెట్టండి. రీడింగు సున్నాకి దగ్గరగా ఉండాలి. అర వోల్టు కనిపించినా ఆ దారిలో ఎక్కడో అతుకు పాడైనట్టే. బల్బుకి చేరే వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది. రాత్రి ప్రయాణంలో అది చిన్న తేడా కాదు.

షార్ట్ పట్టుకునే పద్ధతి నాకు మరీ ఇష్టం. 1950ల నాటి చాలా బ్రిటిష్ కార్లలో రెండే ఫ్యూజులు, హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే లేదు. ఫ్యూజు వేసిన ప్రతిసారీ పోతుంటే, దాని స్థానంలో 21 వాట్ల బల్బు తగిలిస్తారు. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది, వైర్లు మాత్రం కాలవు. ఆ ఫ్యూజు మీదున్న హారన్, వైపర్ లాంటి వాటి వైర్లు ఒక్కొక్కటీ ఊడదీస్తూ, వైరింగు కట్టను అక్కడక్కడా కదుపుతూ పోతే, బల్బు ఆరిన చోట దోషం దొరుకుతుంది.

డైనమో ఉన్న కార్లలో బ్యాటరీకి ఛార్జి ఎక్కకపోతే, డైనమోను బ్యాటరీకి కలిపే కటౌట్‌ను వెంటనే మార్చేయకూడదు. డైనమో వైర్లు తీసి, దాని డి, ఎఫ్ టెర్మినళ్లు కలిపి, వాటికీ బాడీకీ మధ్య మీటరు పెట్టి, ఇంజను వేగం మెల్లగా పెంచితే వోల్టేజి తడబడకుండా ఎక్కాలి. అలా ఎక్కితే డైనమో మంచిదే. మీటరు 20 వోల్టులు చేరకముందే వేగం తగ్గించాలి. ఆ కాలపు బ్రిటిష్ కార్లు చాలావరకు పాజిటివ్ ఎర్త్‌వి. బ్యాటరీ బిగించే ముందు ఏ వైరు బాడీకి పోతోందో తప్పనిసరిగా చూసుకోవాలి.

రంగులూ ఒక భాషే: గోధుమరంగు బ్యాటరీది, తెలుపు ఇగ్నిషన్‌ది, నీలం హెడ్‌లైట్లది, నలుపు ఎర్త్. కానీ మన కార్లలో ఏళ్ల తరబడి దొరికిన వైరునల్లా అతికారు, కాబట్టి రంగును నమ్మేముందు ల్యాంపు పెట్టి చూడాలి.

మీ దగ్గర పాత కారుంటే వైరింగు మొత్తం పీకించకండి. ముందు బ్యాటరీ, ఇంజను, బాడీల మధ్య ఎర్త్ పట్టీలు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాసలైన్ రాయించండి. ఫ్యూజు బదులు రాగితీగ మాత్రం ఎవరు చెప్పినా చుట్టనివ్వకండి.