పిలుపు రాని పిల్ల ఎత్తిన బరువు

1990లో ఆసియా క్రీడలకు ముందు వెయిట్‌లిఫ్టర్లకు జాతీయ శిబిరం పెట్టారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి పిలుపు అందుకున్నది కరణం కృష్ణకుమారి. చెల్లెలు మల్లీశ్వరి అక్కకు తోడుగా వెళ్లింది, అంతే. ఎంపికైనవాళ్ల జాబితాలో ఆమె పేరు లేదు. అక్కడ ఆమె లియోనిద్ తరనెంకో కంట పడింది. ఈ బెలారస్ శిక్షకుడు ఆషామాషీ మనిషి కాడు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు, 1988లో కాన్‌బెర్రాలో 266 కిలోలు క్లీన్ అండ్ జర్క్ చేశాడు. అంతటివాడు గుర్తించాక మల్లీశ్వరికి బెంగళూరులో శిక్షణకు దారి తెరుచుకుంది. 1993లో ప్రపంచ పోటీల్లో కాంస్యం, 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత.

ఈ కథ చెప్పినప్పుడల్లా తరనెంకో కంటికే ఘనత దక్కుతుంటుంది. కానీ ఆయన చూసే నాటికే ఆ పిల్ల తయారై ఉంది. ఆమెను తయారు చేసింది ఆమదాలవలస.

తండ్రి మనోహర్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆడినవాడు, రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. తల్లి శ్యామల. ఆ ఇంట్లో ఆడపిల్లలంతా బరువులెత్తినవాళ్లే. గురువు నీలంశెట్టి అప్పన్న మొదట మల్లీశ్వరిని చూసి, మరీ బక్కపల్చగా ఉందని వద్దన్నారట. పట్టుబట్టి పంపింది తల్లి.

ఈ నేలకు బరువు కొత్తది కాదు. సంక్రాంతికీ, గ్రామదేవత పండుగలకూ ఇప్పటికీ ఉత్తరాంధ్ర ఊళ్లలో సంగిడి పోటీలు పెడతారు. రాతి బరువును కుర్రాళ్లు పంతం మీద ఎత్తుతుంటే ఊరంతా చుట్టూ మూగుతుంది. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడు ఈ బలాన్నే సర్కస్ డేరాలోకి తెచ్చి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టించుకుని కలియుగ భీముడనిపించుకున్నాడు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అయితే సంగిడి దగ్గరా, తాలింఖానా అనే పాతకాలపు వ్యాయామశాలల్లోనూ ఎక్కువగా కనిపించింది మగవాళ్లే. వెయిట్‌లిఫ్టింగ్ కడ్డీ వచ్చాక ఆడపిల్లలు ముందుకొచ్చారు. నా దృష్టిలో ఈ ప్రాంత వ్యాయామ చరిత్రలో ఇంతకంటే పెద్ద మార్పు లేదు.

సంగిడిని మొండి బలంతో ఎత్తొచ్చు, కడ్డీ దగ్గర ఆ పప్పులుడకవు. కొత్తగా చేరిన పిల్ల చేతికి శిక్షకుడు ముందు కర్రో, ఖాళీ కడ్డీయో ఇస్తాడు. ఆడవాళ్ల కడ్డీ 15 కిలోలు, మందం 25 మిల్లీమీటర్లు. మగవాళ్లది 20 కిలోలు, 28 మిల్లీమీటర్లు. పట్టు దగ్గరే సగం చదువుంది. బొటనవేలు కడ్డీకి ఆనించి, చూపుడువేలూ నడిమివేలూ దాని మీదుగా బిగించాలి. మొదట్లో ఆ బొటనవేలు కమిలిపోతుంది, కొన్నాళ్లకు మొద్దుబారుతుంది. ఈ పట్టు కుదరకపోతే కడ్డీ విసురుకు వేళ్లు విడిపోతాయి.

పోటీలో ఉండే రెండు పద్ధతుల్లో మొదటిది స్నాచ్. అందులో కడ్డీ నేల నుంచి నెత్తి మీదికి ఒకే ఊపులో పోవాలి. నేల నుంచి మోకాలి దాకా తొందర పనికిరాదు. వీపు చెక్కుచెదరకుండా, కడ్డీ కాళ్లను రాసుకుంటున్నంత దగ్గరగా పైకి రావాలి. తొడల పైభాగానికి చేరగానే తుంటి, మోకాళ్లు ఒక్కసారిగా నిటారు కావాలి. అప్పుడు కడ్డీకి బరువు తెలియని రెప్పపాటు కాలం దొరుకుతుంది. ఆ రెప్పపాటులో లిఫ్టర్ కడ్డీ కిందికి దూరిపోతుంది! నెత్తి మీద చేతులు బిగిసి ఉండగా పూర్తిగా గొంతుక్కూర్చున్న భంగిమలోంచి లేస్తుంది. పైకి లాగడం చూసేవాళ్ల కంట పడుతుంది కానీ, ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సింది కిందికి దూరడం. బరువు పడబోయే చోటికి శరీరాన్ని పంపడానికి మనసు ఒప్పుకోదు మరి. క్లీన్ అండ్ జర్క్‌లో ఇదే పని రెండు దఫాలుగా ఉంటుంది. ముందు భుజాల మీదికి, అక్కడి నుంచి ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ చాపి నెత్తి మీదికి. మోచేయి వంగి మళ్లీ తిన్ననైతే లిఫ్ట్ చెల్లదు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరైనా తెల్లదీపం వెలిగించాలి.

ఇక లెక్క సంగతి. ఒక్కో పద్ధతికి మూడేసి అవకాశాలు. ఎంత బరువు అడగాలన్నది ఎదుటివాళ్లను చూసి తేల్చుకోవాలి.

మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిందే 2000 సిడ్నీలో. సెప్టెంబరు 19న మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో దిగింది. స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240. చైనాకు చెందిన లిన్ వెయ్‌నింగ్, హంగేరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. శరీర బరువు తక్కువ కావడంతో లిన్‌కు స్వర్ణం దక్కింది. ఆ రోజుల్లో బరువు 2.5 కిలోల చొప్పున పెంచేవారు. మల్లీశ్వరి చివరి అవకాశానికి 137.5 అడిగింది. అది నిలిచి ఉంటే స్వర్ణమే, నిలవలేదు. లెక్క తప్పిందని ఆనాడు చాలామంది అన్నారు. స్వర్ణం కోసమే అడిగిన బరువు అది, దాన్ని తప్పుపట్టడం నాకు న్యాయమనిపించదు. దేశం మాత్రం ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళను చూసింది.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ ఈ బాటలోనే నడిచింది. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 83, 105 ఎత్తి 188తో మూడో స్థానంలో నిలిచింది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి చికా అమలాహాకు పదహారేళ్లు. డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో ఆమె పతకం పోయింది, సంతోషి కాంస్యం రజతమైంది. వేదిక మీద అందుకోవాల్సిన రజతం ఆమెకు ఆలస్యంగా దక్కింది.

పతకంతో పాటు ఈ ఇళ్లు ఆశించేది ఉద్యోగం. ఈ ఆటలో ఆటగాళ్ల వేలంపాటలు లేవు. రైల్వే, సైన్యం, పోలీసు, ప్రభుత్వ సంస్థలు ఇచ్చే క్రీడా కోటా కొలువే లిఫ్టర్ బతుకుతెరువు. మల్లీశ్వరి కూడా భారత ఆహార సంస్థలో పనిచేసింది, 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయింది. కూలి పనులకు వెళ్లే ఇంటి నుంచి ఆడపిల్ల తెల్లవారుజామున వ్యాయామశాలకు నడుస్తోందంటే, ఆ కొలువు మీది ఆశ కూడా ఆమెను నడిపిస్తోంది. అందుకే ఈ ఊళ్లకు కొత్త స్టేడియాల కంటే ముందు కావాల్సింది నెలనెలా జీతం అందే శిక్షకుడు. బొటనవేలి పట్టు దగ్గర తప్పును మొదటి వారంలోనే పసిగట్టి సరిదిద్దే మనిషి ఆయనే.