ఖాళీ గడిలో ఏ అంకె వేయాలి?

ప్రభుత్వం యంత్రాన్ని కొనడం వేరు, ఆ యంత్రం ఇచ్చే సమాచారాన్ని సేవగా కొనడం వేరు. రెండో పద్ధతిలో పరికరాన్ని నిలబెట్టేదీ, నడిపేదీ, చెడిపోతే బాగుచేసేదీ ఒక సంస్థ కాగా, ప్రభుత్వం డబ్బు చెల్లించేది సకాలంలో, పనికొచ్చే రూపంలో తన చేతికి చేరిన అంకెలకు. యంత్రమైతే కొనేముందు విప్పి చూడవచ్చు, తూచవచ్చు, పరీక్షకు పంపవచ్చు. సేవ విషయంలో కొనేది రాబోయే కొన్నేళ్లలో జరగవలసిన పనిని కనుక, ఆ పనిలో చెయ్యి తిరిగిన సంస్థలతో టెండరుకు ముందే కూర్చుని మాట్లాడడం కొనుగోలులో దాదాపు సగం పని అవుతుంది. ఆ సగాన్ని మన కార్యాలయాలు చాలా తేలిగ్గా దాటేస్తాయి.

ఆ సగం పని ఎంత ముఖ్యమో చూపే ఉదాహరణ పంటల బీమాలో ఉంది. 2023 జులై 21న కేంద్ర వ్యవసాయ శాఖ ఆరంభించిన ‘విండ్స్’ కార్యక్రమం ప్రతి బ్లాకుకు ఒక ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాన్ని, ప్రతి గ్రామ పంచాయతీకి ఒక ఆటోమేటిక్ వర్షమాపకాన్ని నెలకొల్పాలని తలపెట్టింది. మొదట 2023-24ను తొలి ఏడాదిగా అనుకున్నారు. 2025 జనవరి 1న కేంద్ర మంత్రివర్గం బీమా పథకాలను పొడిగిస్తూ, సాంకేతికత కోసం రూ.824.77 కోట్ల నిధిని ఏర్పాటు చేస్తూ, తొలి ఏడాదిని 2024-25కు జరిపింది. రాష్ట్రాల్లో టెండర్లకు ముందు జరగవలసిన సన్నాహాలను, ప్రణాళికను అందుకు కారణంగా చెప్పింది. టెండరుకు ముందు కూడా పని ఉంటుందనీ, దానికి కాలం పడుతుందనీ ఒక ప్రభుత్వ ప్రకటన ఇంత సూటిగా ఒప్పుకోవడం అరుదు.

అనంతపురం పీఠభూమి మీద ఈ సన్నాహానికి ఉన్న విలువ మరెక్కడా ఉండదు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోకముందు ఉమ్మడి జిల్లా విస్తీర్ణం 19 వేల చదరపు కిలోమీటర్లకు పైగా, మండలాలు 63. మండలానికి ఒక మాపకం ఉన్నదనుకుంటే ఒక్కొక్కటి సగటున 300 చదరపు కిలోమీటర్ల నేలకు సాక్ష్యం చెప్పాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిసే వాన ఒక పొలిమేరలో పదును పోసి పక్క పొలిమేరలో దుమ్ము కూడా అణచకుండా పోయే సీమలో ఆ సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందో వేరుశనగ వేసే ప్రతి రైతుకూ తెలుసు. పంచాయతీకి ఒకటి చొప్పున పెడితే మాపకాలు సుమారు వెయ్యికి చేరతాయి, ఒక్కొక్కదాని బాధ్యత 20 చదరపు కిలోమీటర్లకు తగ్గుతుంది. అదే సమయంలో చెడిపోగల పరికరాలు 63 నుంచి వెయ్యికి పెరుగుతాయి.

వాతావరణ ఆధారిత బీమా అంటే చేలో పంట కోసి తూచకుండా, మాపకం చూపిన అంకెనే నష్టానికి గుర్తుగా తీసుకుని పరిహారం లెక్కగట్టే బీమా. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతుల కోసం తెచ్చిన పాలసీలతో ఇది దేశంలో మొదలైంది. తర్వాత అనంతపురం వేరుశనగ కూడా ఈ తరహా బీమా కిందికి వచ్చింది. వాన కొలిచిన చోటు ఒకటి, పంట ఎండిన చోటు ఒకటి అయినప్పుడు పరిహారం దారితప్పే ప్రమాదాన్ని ఈ రంగంలో ‘బేసిస్ రిస్క్’ అంటారు. దాని గురించి చాలానే రాశారు. పరికరం లోపల జరిగే పొరపాటు గురించి రాసింది తక్కువ, టెండరు పత్రాల్లో ఉండేది ఇంకా తక్కువ.

ఆటోమేటిక్ వర్షమాపకాల్లో ఎక్కువగా వాడే రకాన్ని ‘టిప్పింగ్ బకెట్’ అంటారు. గరాటు కింద తూగుడుబల్లలా అటూ ఇటూ వాలే రెండు చిన్న దొప్పలుంటాయి. ఒకటి నిండగానే వాలి నీటిని పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది, వాలిన ప్రతిసారీ ఒక అయస్కాంతం స్విచ్ ముందు నుంచి కదలడంతో లెక్క ఒకటి పెరుగుతుంది. ఒక వాలుకు అర మిల్లీమీటరు లెక్కించే మాపకంలో ఐదు వాలులు పడితే 2.5 మిల్లీమీటర్లు, వాతావరణ శాఖ లెక్కలో వానరోజు అనిపించుకోవడానికి కావలసింది సరిగ్గా అంతే. బెట్టను, అంటే వానకూ వానకూ మధ్య సాగే పొడి రోజుల వరసను, లెక్కగట్టేటప్పుడు అంతకన్నా తక్కువ కురిసిన రోజును పొడిరోజుగా తీసుకోవడం మామూలు. కాబట్టి ఐదో వాలు పడిందా లేదా అన్నదాని మీద ఒక బెట్ట తెగడమో సాగడమో ఆధారపడుతుంది, ఆ బెట్ట పొడవు మీద కొన్ని వందల కుటుంబాల పరిహారం ఆధారపడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ పీఠభూమి మీద వీచే పడమటి గాలి చినుకులను గరాటు అంచు మీదుగా పక్కకు తోసేయగలదు. ఎర్రదుమ్ము, ఎండుటాకు, కందిరీగ కట్టిన మట్టిగూడు, వీటిలో ఏది అడ్డుపడినా గరాటులోని నీరు బొట్టుబొట్టుగా దిగి, ఉదయం 8.30 గంటలకు మారే వాతావరణ దినపు గీత దాటి మర్నాటి లెక్కలో పడుతుంది, లేదా గరాటులోనే ఆవిరైపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బ్యాటరీ అడుగంటినా, సిమ్‌కు సిగ్నలు అందకపోయినా సర్వరులో ఆ గంట గడి ఖాళీగా మిగులుతుంది, ఖాళీ అందరికీ కనిపిస్తుంది. గూడు కట్టి మూసుకుపోయిన మాపకం మాత్రం ప్రతి పావుగంటకూ నిష్ఠగా ‘సున్నా’ పంపుతూనే ఉంటుంది. టెండర్లలో చెల్లింపును సాధారణంగా ముడిపెట్టేది ‘అప్‌టైమ్’కు, అంటే పరికరం ఎంత శాతం సమయం పలికిందన్న లెక్కకు, ఆ లెక్క ప్రకారం ఈ మూసుకుపోయిన మాపకానికి నూటికి నూరు మార్కులు, పూర్తి చెల్లింపు. వాన కురిసిన ఊరికి లేని బెట్టను అంటగట్టినందుకు సంస్థకు బిల్లు మంజూరవుతుంది, బీమా కంపెనీ చెల్లించనవసరం లేని పరిహారం చెల్లిస్తుంది. పక్క ఊరి మాపకం గాలివాన వేగానికి తప్పులెక్క వేస్తే నష్టపోయేది ఈసారి రైతు కావచ్చు.

ఖాళీ గడిని నింపడానికీ మూడు నాలుగు దారులున్నాయి: చుట్టుపక్కల మాపకాల సగటు తీయడం, ఉపగ్రహ అంచనాను వాడడం, అక్కడే నిలిపిన రెండో మాపకాన్ని చూడడం, మండల కేంద్రంలోని పాత మాపకానికి తిరిగి వెళ్లడం. ఒక్కో దారి ఒక్కొక్కరి వైపు మొగ్గుతుంది, ఒక్కోదానికి ఒక్కో ఖర్చుంది. ఏది ఎంచుకోవాలన్నది విధాన నిర్ణయం, దాన్ని సరఫరాదారుడి సాఫ్ట్‌వేరుకు వదిలేయడానికి వీల్లేదు. అయితే ఆ నిర్ణయానికి కావలసిన అనుభవం, అంటే ఏ నెలలో ఎన్ని మాపకాలు మూగబోతాయి, వాటిలో ఎన్ని అబద్ధపు సున్నాలు, మెకానిక్కు ఊరికి చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది అన్నది, ప్రభుత్వం కన్నా ఆ సంస్థల మరమ్మతు పుస్తకాల్లోనే ఎక్కువ ఉంటుంది. టెండరు వెలువడ్డాక ఏ సంస్థా ఆ పుస్తకం తెరవదు. ప్రీ-బిడ్ సమావేశంలో, అంటే టెండరు పత్రం మీద సందేహాలు తీర్చడానికి పెట్టే సమావేశంలో, వినిపించే ప్రశ్నలు ధరావతు సొమ్ము గురించీ, టర్నోవరు నిబంధన సడలింపు గురించీ, గడువు పొడిగింపు గురించీ. పోటీదారు పక్క కుర్చీలో ఉండగా తన బలహీనత ఎవరు చెబుతారు?

నిబంధనలు అడ్డుపడుతున్నాయనడం సగం నిజం కూడా కాదు. కేంద్ర ఆర్థిక శాఖ కొనుగోళ్ల మాన్యువల్‌లో ‘ప్రీ-ఎన్‌ఐటీ’ సమావేశం అనే ఏర్పాటు ఉంది. సంక్లిష్టమైన కొనుగోళ్లలో, కొనే కార్యాలయానికి తగినంత పరిజ్ఞానం లేనిచోట, టెండరు ప్రకటనకు ముందే పరిశ్రమ నుంచి సలహాలు తీసుకోవచ్చనీ, ఆ సమావేశానికి విస్తృతంగా ప్రచారం ఇవ్వాలనీ దాని సారం. బ్రిటన్‌లో 2025 ఫిబ్రవరి 24 నుంచి అమలైన కొనుగోళ్ల చట్టం ఇంకొంత ముందుకు వెళ్లి, ఇలాంటి సంప్రదింపులకు బహిరంగ ప్రకటన ఇవ్వాలనీ, ఇవ్వకపోతే కారణం చెప్పాలనీ అంటుంది. సంప్రదింపులో పాల్గొన్న సంస్థకు దక్కిన మొగ్గు మిగతావారికి అన్యాయం కాకుండా చూసే పూచీనీ కొనేవారి మీదే పెడుతుంది. ఆంధ్రప్రదేశ్‌కూ ఇది పూర్తిగా కొత్త కాదు: 2019 నాటి జ్యుడిషియల్ ప్రివ్యూ చట్టం రూ.100 కోట్లు, అంతకు మించిన మౌలిక సదుపాయాల టెండర్ల ముసాయిదాలను ముందుగా ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు స్వీకరించే పద్ధతిని అప్పట్లో తెచ్చింది. 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టిన రాష్ట్రంలో బిడ్ తెరిచే ఘట్టం మీద వెలుగు పడి చాలా కాలమైంది. ముసాయిదా రాసే గది ఇంకా మసకగానే ఉంది.

అధికారిని ఆపేది నిబంధన కాదు, విజిలెన్స్ భయం. ఏదో ఒక సంస్థతో మాట్లాడినట్టు రేపు ఫైలులో కనిపిస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి కనుక ఎవరితోనూ మాట్లాడకపోవడమే క్షేమమనిపిస్తుంది, వేరే రాష్ట్రపు టెండరు పత్రం తెప్పించి జిల్లా పేరు మార్చడం ఇంకా క్షేమమనిపిస్తుంది. ఈ మౌనం వల్ల సంస్థలు మాట్లాడడం మానవు. మినిట్స్ లేని చోట, కార్యాలయ వేళలు దాటాక, పరిచయస్తుల ద్వారా మాట్లాడతాయి. అందువల్ల భయానికి విరుగుడు మాటలు తగ్గించడం కాదు, ప్రతి మాటనూ కాగితం మీదికి తేవడం: ఎవరు వచ్చారు, ఏమి అడిగారు, ఏమి చెప్పారు అన్నదాన్ని వ్యాపార రహస్యాలు మినహాయించి టెండరు పత్రానికి అనుబంధంగా జతచేస్తే, రాని సంస్థకు కూడా అదే సమాచారం అందుతుంది.

ఇక ఆ సమావేశం ఎక్కడ జరగాలన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. విజయవాడ హోటల్లో తెర మీద స్లైడ్లు చూపించే సంస్థ ప్రతినిధి సాధారణంగా అమ్మకాల విభాగం మనిషి. అనంతపురం శివార్లలోని రేకులకుంట వ్యవసాయ పరిశోధనా కేంద్రం లాంటి చోట పరికరం విప్పమంటే మెకానిక్కును తీసుకురాక తప్పదు. పొరుగున కర్ణాటక విపత్తు పర్యవేక్షణ కేంద్రం పంచాయతీ స్థాయిలో 6 వేలకు పైగా టెలిమెట్రిక్ మాపకాలను నడుపుతోంది, పావగడ తాలూకా గాలీ దుమ్మూ మడకశిరవి లాంటివే; అక్కడి ఇంజినీర్లనూ, బీమా కంపెనీల వారినీ, రైతు సంఘాలనూ అదే సమావేశానికి పిలిస్తే సంస్థల జవాబులకు అక్కడికక్కడే నిగ్గు తేలుతుంది.

ధర సంగతికి వస్తే, అందరికన్నా తక్కువ కోట్ చేసిన ఎల్-1కే పని ఇవ్వాలన్న ఒత్తిడిని 2021 అక్టోబరు నాటి కేంద్ర ఉత్తర్వులు కొంత సడలించి, కన్సల్టెన్సీ కాని సేవల్లోనూ నాణ్యతకు 30 శాతం దాకా మార్కులివ్వడానికి దారి చూపాయి. ఆ మార్కులు వేటికి వేయాలో తెలియకపోతే అవి టర్నోవరుకూ సర్టిఫికెట్లకూ పోతాయి.

మిగిలింది కాలం. వేరుశనగ విత్తనం జూన్, జులైలలో పడాలంటే మాపకాలు మే నెలకే నిలబడాలి, అందుకు టెండరు డిసెంబరు, జనవరిలలో వెలువడాలి. ఆ లెక్కన సంస్థలతో మాటలకు సరైన అదను అంతకుముందరి ఆగస్టు, సెప్టెంబరు, అంటే ఊడలు దిగే కాలం. అప్పుడు వచ్చిన సంస్థను ఇతర జిల్లాల్లోని సొంత మాపకాల్లో ఆ వారం ఎన్ని పలకడం లేదో, వాన కురిసిన రోజున ఎన్ని సున్నా చూపాయో ఫోను తెరిచి చూపించమని అడగవచ్చు. జనవరిలో అయితే అనంతపురంలో మంచి మాపకమూ సున్నాయే చూపుతుంది, మూసుకుపోయిన మాపకమూ సున్నాయే చూపుతుంది.